చెప్పుల షెడ్డు కోసం నీళ్ల జిగురు: పాలీయూరిథేన్ ప్రాజెక్టు డైరీ

మార్చి మొదట్లో

చిన్న చెప్పుల షెడ్లలో వాడే సొల్యూషన్ (ద్రావకాల జిగురు) బదులు నీళ్లతో చేసిన పాలీయూరిథేన్ (ఒక రకం ప్లాస్టిక్) జిగురు పెట్టాలి. ఈ పనంతా దానికోసమే. ఎగుమతి బూట్లు చేసే పెద్ద ఫ్యాక్టరీలకు ఇది కొత్త సంగతి కాదు. వాళ్ల దగ్గర ఆరబెట్టే టన్నెళ్లున్నాయి, వేడిని అదుపులో ఉంచే యంత్రాలున్నాయి. నలుగురు కింద కూర్చుని పనిచేసే గల్లీ షెడ్డులో ఉండేది బ్రష్షు, హీటరు, చేత్తో తిప్పే ప్రెస్సు. ఆ మూడింటితో పనిచేసే జిగురు కావాలి.

సొల్యూషన్‌లో ఉండేవి టోలుయిన్, హెక్సేన్, ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) లాంటి ద్రావకాలు. ఎన్-హెక్సేన్ ఒంట్లోకి వెళ్లాక 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి నరాలను తింటుంది. ఇటలీ చెప్పుల కార్మికుల్లో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి పట్టు తప్పడానికి కారణం ఇదేనని వైద్యులు తేల్చారు. ఇస్తాంబుల్‌లో ముజఫ్ఫర్ అక్సోయ్ అనే డాక్టర్ 1970లలో చెప్పుల కార్మికుల్లో రక్త కేన్సర్‌ను గమనించి, జిగురులోని బెంజీన్‌తో దానికున్న సంబంధాన్ని బయటపెట్టాడు. ఇవి చదివాక ఏ షెడ్డులోకి వెళ్లినా అక్కడి గాలినే ముందు గమనిస్తున్నాను. తలుపు పక్కన ఒక ఫ్యాను, మూత లేని డబ్బా, దాని పక్కనే టిఫిన్ క్యారియర్.

అతికించాల్సినవి తోలు అప్పర్ (చెప్పు పైభాగం), పీవీసీ సోల్. పీవీసీని ఎంచుకోవడానికి కారణముంది. దాన్ని మెత్తబరిచే ప్లాస్టిసైజర్ మెల్లగా జిగురు పొరలోకి పాకుతుంది. నియోప్రీన్ (ఒక కృత్రిమ రబ్బరు) జిగురైతే దాంతో మెత్తబడి కొన్నాళ్లకు వదిలేస్తుంది, పాలీయూరిథేన్ తట్టుకుంటుంది. అందుకే పీవీసీ సోళ్ల దగ్గర పాలీయూరిథేన్‌కు అంత విలువ.

గీటురాయి కూడా ముందే పెట్టుకున్నాను. సేఫ్టీ బూట్లకు ఐఎస్ఓ 20345 ప్రమాణం అప్పర్‌కూ సోల్‌కూ మధ్య మిల్లీమీటరుకు 4.0 న్యూటన్ల పట్టు అడుగుతుంది. సోలే చిరిగిపోతే 3.0 చాలు. 25 మి.మీ. వెడల్పు పట్టీకి లెక్కేస్తే 100 న్యూటన్లు, అంటే పది కిలోల పైచిలుకు బరువు. మామూలు చెప్పుకు ఇంత ఎవరూ అడగరు. అయినా రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు వేసుకునే చెప్పుకు ఇంతకన్నా తక్కువ లక్ష్యం పెట్టడం నాకిష్టం లేదు.

మార్చి రెండో వారం: మొదటి కూర్పు

పాలీయూరిథేన్‌ను ఒట్టో బేయర్ బృందం జర్మనీలో 1937లో కనిపెట్టింది. అది నీళ్లలో కలవదు. దాని అణువుల గొలుసులోనే విద్యుదావేశం ఉన్న ముక్కలను కట్టేస్తే సబ్బులాంటివేవీ కలపకుండానే సన్నని కణాలుగా నీళ్లలో నిలుస్తుంది. ఈ దారిని పరిచినవాళ్లలో బేయర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త డీటర్ డీటెరిష్ ముఖ్యుడు. నేను చేస్తున్నది ఆయన అసిటోన్ పద్ధతికి చిన్న రూపం.

కాగితం మీది లెక్క ఇది. మెత్తని గొలుసునిచ్చే పాలీబ్యూటిలీన్ అడిపేట్ పాలీయాల్ (ఒక పాలియెస్టర్), అణుభారం 2000, 100 గ్రాములు. అందులో హైడ్రాక్సిల్ (ఓహెచ్) గుంపులు 0.10 ఈక్వివలెంట్ (గుంపుల లెక్కన మోల్). నీళ్లతో పొత్తు కుదిర్చే డీఎంపీఏ (డైమిథైలాల్ ప్రొపియోనిక్ ఆమ్లం) 5 గ్రాములు, అంటే 0.0373 మోల్. దానికి రెండు హైడ్రాక్సిళ్లు కాబట్టి మరో 0.0746. హైడ్రాక్సిళ్లను కలిపి గొలుసు కట్టే ఐసోసయనేట్‌గా ఐపీడీఐ (ఐసోఫోరోన్ డైఐసోసయనేట్). ఎన్‌సీఓకీ (ఐసోసయనేట్ గుంపు) ఓహెచ్‌కీ నిష్పత్తి 1.5 అనుకుంటే 29.1 గ్రాములు పడుతుంది. చర్య పూర్తయ్యాక ప్రీపాలిమర్‌లో (సగం కట్టిన గొలుసులో) మిగలాల్సిన ఎన్‌సీఓ దాదాపు 2.7 శాతం.

పాలీయాల్‌ను శూన్యంలో వేడిచేసి తేమ తీశాను. ఆ మెట్టు దాటవేస్తే ఐసోసయనేట్ నీటితో చర్య జరిపి లెక్కంతా తారుమారవుతుంది. నైట్రోజన్ కింద 80 డిగ్రీల దగ్గర కలుపుతూ, మధ్యమధ్యలో తీసిన నమూనాలను డైబ్యూటైల్ అమీన్‌తో టైట్రేట్ చేసి మిగిలిన ఎన్‌సీఓను కొలిచాను. డీఎంపీఏ పలుకులు పాలీయాల్‌లో తొందరగా కరగవు. గింజలుగా తేలుతూ, చర్య జరిగేకొద్దీ మాయమవుతాయి. దానికి కార్బాక్సిల్ (ఆమ్ల) గుంపు కూడా ఉంది. అదెందుకు ఐసోసయనేట్‌తో కలిసిపోదంటే చుట్టూ ఉన్న గుంపులు దానికి అడ్డం నిలుస్తాయి. నెమ్మదిగా తప్ప చర్య జరగదు, అందుకే మనకు మిగులుతుంది.

ఎన్‌సీఓ శాతం లెక్క దగ్గరికి వచ్చాక చల్లార్చి, అసిటోన్‌తో పలచన చేసి, కార్బాక్సిల్‌కు సమానంగా ట్రైఇథైల్ అమీన్ 3.8 గ్రాములు పోశాను. తర్వాత జోరుగా తిప్పుతూ నీళ్లు. ముందు చిక్కబడుతుంది, కాసేపు స్టిర్రర్ మూలుగుతుంది, తర్వాత ఒక్కసారిగా పలచబడి పాలలా మారుతుంది. నూనెలో నీరుగా ఉన్నది నీటిలో నూనెగా తిరగబడే క్షణం అది. చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే. చివరగా ఇథిలీన్ డైఅమీన్ 2.4 గ్రాములు. మిగిలిన ఎన్‌సీఓలో తొంభై శాతానికి సరిపడా వేసి గొలుసులను పొడిగించాను. అసిటోన్‌ను తక్కువ పీడనంలో లాగేశాక 40 శాతం ఘనపదార్థం ఉన్న తెల్లని ద్రవం మిగిలింది. అంచున పలచగా ఉన్నచోట నీలి ఛాయ కనిపిస్తే కణాలు సన్నగా వచ్చినట్టే.

మార్చి చివర: డీఎంపీఏ ఎంత?

3, 5, 7 గ్రాములతో మూడు కూర్పులు చేశాను. ఆమ్ల సంఖ్యలు (ఆమ్ల గుంపుల కొలత) లెక్క ప్రకారం గ్రాముకు దాదాపు 10, 16, 21 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్.

తక్కువ వేసినది తెల్లగా, మందంగా ఉంది. సీసా కదపకుండా ఉంచితే అడుగున పేరుకుంటోంది. ఎక్కువ వేసినది దాదాపు పారదర్శకం. ఘనపదార్థం అంతే ఉన్నా చిక్కన, ఎందుకంటే కణాలు సన్నబడేకొద్దీ వాటి సంఖ్య పెరిగి ఒకదానికొకటి అడ్డుపడతాయి. చూడ్డానికి అన్నిటికంటే అందమైన ద్రవం అదే. కానీ దాని ఎండిన పొరను నీళ్లలో వేస్తే ఉబ్బి తెల్లబడింది. జిగురును నీళ్లలో నిలబెట్టే గుంపే రేపు వానలో నీళ్లను లోపలికి పిలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం మీద ఆగాలి. నిష్పత్తి 1.5 దగ్గరే ఉంచి డీఎంపీఏ పెంచితే ఐపీడీఐ కూడా దాంతోపాటు పెరుగుతుంది. 3 గ్రాములకు 24.1, 7 గ్రాములకు 34.1. అంటే గొలుసులో గట్టి భాగం (ఐపీడీఐ, డీఎంపీఏ కలిపి) 21 శాతం నుంచి 29 శాతానికి పోతుంది. పొర బిరుసెక్కితే అది కార్బాక్సిల్ వల్లా, గట్టి భాగం వల్లా? చాలా పట్టికల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. విడదీద్దామని గట్టి భాగాన్ని మొత్తం 34.1 గ్రాముల దగ్గర కట్టేసి మళ్లీ లెక్కేశాను. 3 గ్రాముల డీఎంపీఏకు ఐపీడీఐ 31.1, నిష్పత్తి 1.93. 7 గ్రాములకు 27.1, నిష్పత్తి 1.19. అప్పుడు ఇంకొకటి కదులుతుంది. 1.19 దగ్గర గొలుసులు పొడవెక్కి ప్రీపాలిమర్ తేనెకన్నా చిక్కబడుతుంది, అసిటోన్ ఎక్కువ కావాలి. 1.93 దగ్గర మిగులు ఎన్‌సీఓ ఎక్కువ, కాబట్టి అమీన్ వేసినప్పుడు యూరియా ముడులు (ఎన్‌సీఓ, అమీన్ కలిసే చోట్లు) ఎక్కువ.

అన్నీ స్థిరంగా ఉంచి ఒక్కటే మార్చడం ఈ రసాయనంలో కుదరదు. అందుకని రెండు వరసలూ చేసి పక్కపక్కన పెట్టి చూశాను. నీటికి ఉబ్బడం రెండింటిలోనూ డీఎంపీఏ వెంటే నడిచింది. బిరుసుతనం మాత్రం గట్టి భాగం వెంట నడిచింది. ఇది తేలాక 5 గ్రాముల కూర్పుతో ముందుకెళ్లాను.

ఏప్రిల్: వేడి చేస్తే అంటుకోవాలి, చల్లారితే గట్టిపడాలి

చెప్పుల జిగురు పూసిన వెంటనే అతికించేది కాదు. రెండు వైపులా పూసి, ఆరనిచ్చి, వేడిచేసి, అప్పుడు నొక్కుతారు. పొరలోని పాలియెస్టర్ భాగం (అడిపేట్ పాలీయాల్) చల్లగా ఉన్నప్పుడు స్ఫటికాలుగా ఉంటుంది, 50 డిగ్రీలు దాటాక కరిగి జిగటవుతుంది. చలికాలం గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు, ప్రెస్సులో చల్లారగానే మళ్లీ స్ఫటికాలు కడుతుంది. ప్రెస్సు తీయగానే సోల్ జారకుండా నిలిచేది ఈ బలంతోనే. క్రాస్‌లింకింగ్ (గొలుసులను అడ్డంగా ముడేయడం) అప్పటికింకా మొదలై మొదలవకుండా ఉంటుంది.

అందుకే పాలీయాల్ ఎంపిక చిన్న విషయం కాదు. పాలీప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి పాలీఈథర్ నీటి దాడిని బాగా తట్టుకుంటుంది గానీ స్ఫటికాలు కట్టదు, ప్రెస్సు తీయగానే సోల్ మెల్లగా జారుతుంది. డైఐసోసయనేట్ కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. ఐపీడీఐ అణువు వంకరటింకరగా ఉండి స్ఫటికాలకు అడ్డుపడుతుంది. హెచ్‌డీఐ (హెక్సామిథిలీన్ డైఐసోసయనేట్) తిన్నని గొలుసు, పాలియెస్టర్‌ను తన మానాన పేర్చుకోనిస్తుంది. ఐపీడీఐలో కొంత తీసి హెచ్‌డీఐ వేసిన కూర్పు ప్రెస్సు తర్వాత చప్పున గట్టిపడింది. మరీ ఎక్కువ వేస్తే వేడి తీసిన క్షణంలోనే బిగుసుకుని, సోల్‌ను సరిచేసుకునే వ్యవధి ఉండటం లేదు. చేత్తో అతికించేవాళ్లకు ఆ కొన్ని క్షణాలు చాలా ముఖ్యం. ఫ్యాక్టరీకి వేగం కావాలి, షెడ్డుకు కాస్త ఓపికున్న జిగురు కావాలి. హెచ్‌డీఐ వాటాను తక్కువ దగ్గరే ఆపేశాను.

ఏప్రిల్ చివర: షెడ్డులో

తెలిసిన షెడ్డుకు ఒక డబ్బా పట్టుకెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రీని అందరూ కాకా అంటారు, నేనూ అంతే. ఆయన బ్రష్షుతో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"వాసన పోతే ఆరినట్టు లెక్క గదమ్మా మాకు. దీనికి ఆ వాసనే లేకపాయె. ఆరిందో లేదో ఎట్ల తెల్వాలె?"

మొత్తం ప్రాజెక్టులో నన్ను ఎక్కువ పనిచేయించిన ప్రశ్న ఇది. తడి జిగురు తెల్లగా ఉంటుంది, ఆరేకొద్దీ పారదర్శకమవుతుంది. "తెలుపు పోయేదాకా ఆగు కాకా" అని చెప్పి వచ్చాను. అది సగం జవాబే. కణాలు ఒకదానికొకటి హత్తుకుని వెలుతురును చెదరగొట్టడం మానేస్తే పొర తేటపడుతుంది. లోపల నీళ్లు అప్పటికీ ఉండొచ్చు. ల్యాబ్‌కు వచ్చి తూకం వేసి చూస్తే తేటపడ్డాక కూడా పొర బరువు తగ్గుతూనే ఉంది.

ఒక కిలో నీళ్లు ఆవిరి కావడానికి 2257 కిలోజౌళ్లు కావాలి. అసిటోన్‌కు అందులో నాలుగో వంతు చాలు. పైగా అసిటోన్‌కు గాలిలో తేమతో పనిలేదు, నీటికి ఉంది. చదరపు మీటరుకు వంద గ్రాముల తడి జిగురు పూస్తే అరవై గ్రాముల నీళ్లను సాగనంపాలి. తోలు వైపు కొంత తోలే పీల్చుకుంటుంది. పీవీసీ చుక్క కూడా తాగదు, అన్నీ పైకే పోవాలి. తోలు వైపు చూసి ఆరిందనుకుంటే సోల్ వైపు మోసం చేస్తుంది.

తడి మిగిలిన జతల్లో పీల్ టెస్ట్ (పట్టీని లాగి ఊడదీసే పరీక్ష) చేస్తే పీవీసీ వైపు నుంచి పొర చర్మంలా శుభ్రంగా ఊడొచ్చింది. అదే జిగురు, అదే రోజు, బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టిన జతలో తోలు పీచులు లేచి వచ్చాయి గానీ జిగురు వదల్లేదు. జిగురు బాగాలేదనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అసలు ఆరకముందే నొక్కినవేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

మే: క్రాస్‌లింకర్

మే ఎండలో అద్దాలు మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటుతుంది. మన స్ఫటికాలు 50 పైన కరుగుతాయి. అంటే క్రాస్‌లింకింగ్ లేని జిగురుతో చేసిన చెప్పు కారులో వదిలేస్తే, బిగుతుగా వంచిన ముక్కు దగ్గర సోల్ తెరుచుకుంటుంది. పీల్ పట్టీకి చిన్న బరువు వేలాడదీసి ఓవెన్‌లో వేడి పెంచుతూ పోతే ఇది కళ్లకు కనిపిస్తుంది. సరిగ్గా కరిగే దగ్గరే పట్టీ దిగజారడం మొదలుపెడుతుంది.

మందు రెండో డబ్బాలో ఉంది. నీళ్లలో కలిసేలా మార్చిన హెచ్‌డీఐ ట్రైమర్ (మూడు హెచ్‌డీఐ అణువులు కలిసినది), వంద భాగాల జిగురుకు ఐదు భాగాలు. దాని ఎన్‌సీఓ గుంపులు గొలుసుల చివరలతో, యూరియాలతో ముడిపడతాయి. కొంత నీటితో కలిసి కార్బన్ డైఆక్సైడ్ వదిలి తనలో తానే యూరియా వలగా మారుతుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో 2270 సెం.మీ.⁻¹ దగ్గరుండే ఎన్‌సీఓ శిఖరం రోజులు గడిచేకొద్దీ తరుగుతూ పోతుంటే చూశాను. ప్రెస్సు తీసిన పూట చేసిన పీల్‌కూ, వారం ఆగి చేసిన పీల్‌కూ పొంతనే లేదు. వేడి పరీక్షలో పట్టీ 80 దగ్గర కూడా కదల్లేదు.

కానీ ఇందులో పొంచి ఉన్న చిక్కు ఒకటుంది. ద్రావకాల జిగురులో క్రాస్‌లింకర్ వేస్తే కాలం మించాక చిక్కబడి, గడ్డకట్టి, బ్రష్షుకు అడ్డం తిరుగుతుంది. అందరికీ తెలుస్తుంది. నీళ్ల జిగురులో చర్య ఒక్కో కణం లోపల జరుగుతుంది, బయటి ద్రవం పలచగానే ఉంటుంది. పొద్దున కలిపిన డబ్బా సాయంత్రం కూడా కొత్తదానిలాగే పూసుకుంటుంది, పట్టు మాత్రం ఉండదు. కణాలు లోపల వలకట్టేశాక ఒకదానిలోకొకటి అల్లుకోలేవు. పూసి ఆరబెట్టిన ముక్కలను నొక్కకుండా మర్నాటికి అట్టిపెట్టినా ఇదే గతి. ఎంత వేడిచేసినా పొర మెత్తబడదు. క్యూరింగ్ (ముడులు పడి గట్టిపడటం) జరగాల్సింది నొక్కిన తర్వాత. ముందు జరిగితే నష్టం.

కలిపిన డబ్బాకు మూత బిగించకూడదని కూడా రాసి పెట్టాలి. కార్బన్ డైఆక్సైడ్‌తో డబ్బా ఉబ్బుతుంది.

జూన్: ఎవరి ఊపిరి?

ఇక్కడ కొన్నాళ్లు ఆగిపోయాను. ద్రావకాన్ని తీసేసి ఐసోసయనేట్ సీసాను షెడ్డులోకి తీసుకెళ్తున్నాను. ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు, చర్మానికి అలెర్జీ తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత అతి కొద్ది మోతాదుకే ఉబ్బసం రావచ్చు. ట్రైమర్ భారీ అణువు, గది వేడిలో పెద్దగా ఆవిరి కాదు, బ్రష్షుతో పూస్తే ప్రమాదం తక్కువ. స్ప్రే చేస్తే మాత్రం తుంపర్లు నేరుగా ఊపిరిలోకి వెళ్తాయి. స్ప్రేకు నా జిగురు ఇవ్వను, అది తేల్చేసుకున్నాను.

ప్రత్యామ్నాయంగా పాలీకార్బోడైఇమైడ్ అనే మరో క్రాస్‌లింకర్ ప్రయత్నించాను. అది కార్బాక్సిల్‌తో ముడిపడుతుంది. ఇక్కడ డీఎంపీఏ మళ్లీ తెరమీదికి వస్తుంది. మార్చిలో నీటికి ఉబ్బుతుందని తగ్గించిన గుంపే ఇప్పుడు క్రాస్‌లింకింగ్‌కు పట్టుకొమ్మ. 3 గ్రాముల కూర్పులో కార్బోడైఇమైడ్ వేసినా పెద్ద మార్పు లేదు, ముడిపడటానికి గుంపులే లేవు. 7 గ్రాముల కూర్పులో తేడా బాగా కనిపించింది, నీటికి ఉబ్బడం కూడా తగ్గింది, కార్బాక్సిళ్లు ముడిపడి పోయాయి కాబట్టి. ముందు చెత్తబుట్ట దాకా వెళ్లిన కూర్పు క్రాస్‌లింకర్ మారగానే బరిలోకి తిరిగొచ్చింది. క్రాస్‌లింకర్ పేరు చెప్పకుండా ఈ కూర్పు మంచిది, ఆ కూర్పు చెడ్డది అనే మాటకు అర్థం లేదు.

ట్రైఇథైల్ అమీన్ పాత్ర కూడా ఇక్కడే తెలిసింది. ఉప్పు రూపంలో ఉన్న కార్బాక్సిల్ కార్బోడైఇమైడ్‌తో సరిగా కలవదు. ఆరేటప్పుడు అమీన్ ఎగిరిపోతేనే ఆమ్లం బయటపడి చర్య మొదలవుతుంది. అదే డబ్బాలో ఉన్నంతసేపూ చర్యను ఆపి ఉంచుతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసిన కూర్పులో సోడియం ఎక్కడికీ పోదు, పొర నీళ్లు తాగుతూనే ఉంటుంది. చేప వాసనలాంటి ఆ అమీన్ వాసన ఎవరికీ నచ్చదు గానీ, పొర లోపలిదాకా ఆరిందనడానికి అది పోవడం ఒక గుర్తు. కాకా అడిగిన ప్రశ్నకు ముక్కుతోనే సగం జవాబు దొరికింది. మిగతా సగం తూకానిది.

వేడి దగ్గర కార్బోడైఇమైడ్ ట్రైమర్‌తో సమానం కాలేదు. 70 దాటాక పట్టీ మెల్లగా జారింది. అయినా షెడ్డుకు దీన్నే ఇవ్వాలని నా నిర్ణయం. కారులో ఉడికే చెప్పుకన్నా దాన్ని చేసే మనిషి ముందు. ఫ్యాక్టరీ బూట్ల లాంటి వేడి పనులకు ట్రైమర్ కూర్పు పక్కన ఉంటుంది, ముందే తూచిన చిన్న సీసాల్లో, చేతి తొడుగులతో సహా.

జులై: వాన గాలి

ఏప్రిల్‌లో ఫ్యాను కింద ఇట్టే ఆరిన పొర ఇప్పుడు గంట గడిచినా వేలికి చల్లగా తగులుతోంది. గాలి నిండా తేమ ఉంటే నీళ్లు ఎక్కడికి పోతాయి? హైదరాబాద్‌లోనే ఇలా ఉంటే ఏడాది పొడవునా ఉక్కపోసే కోస్తాలో ఇంకెలా ఉంటుందో ఊహించవచ్చు. రెండు మార్పులు చేశాను. ఒకే మందపు పూత బదులు రెండు పలచని పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. రెండోది, ఘనపదార్థాన్ని 45 శాతానికి పెంచడం, అంటే అంత జిగురుకు తీయాల్సిన నీళ్లు తక్కువ. 7 గ్రాముల కూర్పులో కణాలు సన్నవి కాబట్టి అంత పెంచితే బ్రష్షు లాగడం కష్టమైంది. 6 గ్రాముల దగ్గర కుదిరింది.

హీటరు విషయంలో కూడా షెడ్డు అలవాటు మారాలి. హీటరు డయల్ మీది అంకె కాదు, పొర మీది వేడి ముఖ్యం. తోలు నల్లదైతే త్వరగా వేడెక్కుతుంది, తెల్ల సోల్ ఆలస్యం చేస్తుంది. చేతి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కాకాకు ఇచ్చాను. పొర 60 చూపించగానే నొక్కాలి. 80 దాటిస్తే పీవీసీ వంకర తిరుగుతుంది.

మిగిలింది జలవిశ్లేషణ పరీక్ష. పాలియెస్టర్ గొలుసును వేడీ తేమా కలిసి తెంపుతాయి. బీరువాలో ఏళ్ల తరబడి దాచిన బూట్ల పాలీయూరిథేన్ సోళ్లు పొడిగా రాలిపోవడం చాలామంది చూసే ఉంటారు, కారణం ఇదే. గొలుసు తెగినప్పుడు పుట్టే ఆమ్లం మరిన్ని గొలుసులను తెంపుతుంది. కార్బోడైఇమైడ్ ఆ ఆమ్లాన్ని కూడా పట్టేస్తుంది కనుక మా కూర్పుకు ఇక్కడ మేలు జరగాలి. 70 డిగ్రీలు, 95 శాతం తేమ ఉన్న పెట్టెలో మూడు రకాల పట్టీలు పెట్టాను: క్రాస్‌లింకర్ లేనివి, ట్రైమర్ వేసినవి, కార్బోడైఇమైడ్ వేసినవి. వారానికోసారి కొన్ని తీసి, ఆరబెట్టి, పీల్ చేస్తాను. షెడ్డులో కాకా అతికించిన జతలు పనివాళ్ల కాళ్లకే ఉన్నాయి, వానాకాలం అయ్యాక వాటిని వెనక్కి తీసుకుని సోల్ ఏ వైపు నుంచి ఊడుతోందో చూడాలి.